ఆ 2/5 ఎక్కడి నుంచి వచ్చింది?

మీరు అడిగింది ఇదీ: మూడేళ్లుగా ఆరో తరగతికి లెక్కలు చెబుతున్నారు. "అర్థమైందా?" అంటే క్లాసంతా తలూపుతుంది. తీరా పేపర్లు దిద్దడానికి కూర్చుంటే ఒక కుర్రాడు 1/2 + 1/3 = 2/5 అని రాసి ఉంటాడు. నాలుగుసార్లు చెప్పారు, నాలుగుసార్లూ అదే రాశాడు. లోపం మీలో ఉందా, వాడిలో ఉందా, ఇన్నేళ్లలో నాకు తెలిసొచ్చింది ఏమిటి అని.

నేను లెక్కలు చెప్పడం మొదలుపెట్టి 28 ఏళ్లయింది. మొదటి పదేళ్లు నేనూ మీరు చేస్తున్నదే చేశాను. తప్పు మీద ఎర్రసిరాతో అడ్డగీత కొట్టి, హారాలకు క.సా.గు. తీసే పద్ధతి మళ్లీ మొదట్నుంచి చెప్పేదాన్ని. రెండోసారి చెప్పేటప్పుడు తేడా ఒక్కటే, గొంతు కాస్త పెరిగేది. గొంతు పెరిగితే అర్థం పెరుగుతుందని ఎందుకనుకున్నానో ఇప్పటికీ తెలీదు.

నన్ను మార్చింది ఒక తీసివేతల నోటుపుస్తకం. ఆ అమ్మాయి మూడో తరగతి. పదిహేను లెక్కలిస్తే ఎనిమిది తప్పు. 52 − 38 = 26. 71 − 45 = 34. 83 − 27 = 64. పేజీ కింద "శ్రద్ధ లేదు" అని రాసి ఇచ్చేశాను. మర్నాడు ఆ పిల్ల పుస్తకం పట్టుకుని బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. ఏడవలేదు, వాదించనూ లేదు. "చిన్నదాంట్లోంచి పెద్దది పోదని మీరే చెప్పారు కదా టీచర్, అందుకని పెద్దదాంట్లోంచే చిన్నది తీశాను" అంది.

పుస్తకం మళ్లీ తీసుకుని చూశాను. రెండులోంచి ఎనిమిది పోదు కాబట్టి ఎనిమిదిలోంచి రెండు తీసింది, ఆరు. ఐదులోంచి మూడు తీసింది, రెండు. కలిపితే 26. తప్పైన ఎనిమిదింటిలోనూ ఇదే వరస. ఒప్పైన ఏడూ అప్పు తెచ్చుకోవాల్సిన పనిలేని లెక్కలు. అంటే పదిహేను లెక్కల్లోనూ ఆ పిల్ల ఒక్కచోట కూడా దారి తప్పలేదు. ఇంత శ్రద్ధగా చేసిన పేజీ ఆ ఏడాది నా చేతికి ఇంకోటి రాలేదేమో. శ్రద్ధ లేకుండా పని చేసింది దిద్దిన మనిషి.

ఆ రోజు నుంచి తప్పు కనిపించగానే ఎర్రపెన్ను పక్కన పెట్టి, "ఏ నియమం పట్టుకుంటే ఈ సమాధానం వస్తుంది?" అని నన్ను నేను అడుక్కోవడం మొదలుపెట్టాను. పిల్లలు ఊరికే తప్పు చేయరు. తొందరలో జారే తప్పులు ఉంటాయి, కాదనను, కానీ అవి చెదురుమదురుగా ఉంటాయి. మళ్లీ మళ్లీ అదే చోట అదే రకంగా వచ్చే తప్పు వెనక ఒక నియమం కచ్చితంగా ఉంటుంది. ఆ నియమం ప్రకారం వాడు చేసింది ఒప్పే. పైగా చాలాసార్లు దాన్ని వాడి చేతిలో పెట్టింది మనమే.

ఒక్కసారి మనం వాడే మాటలు గుర్తు తెచ్చుకోండి. "చిన్నదాంట్లోంచి పెద్దది పోదు" అంటాం, మూడేళ్లు తిరక్కుండా ఋణసంఖ్యల పాఠం తీసి "పోతుంది" అంటాం. "పదితో గుణిస్తే పక్కన సున్నా పెట్టు" అంటాం, వాడు 2.5 × 10 = 2.50 అని రాస్తే కోప్పడతాం. "అంకెలు ఎక్కువుంటే పెద్ద సంఖ్య" అంటాం. దశాంశాలు వచ్చాక 0.35, 0.4 కంటే పెద్దదని వాడంటే నవ్వుతాం. వాడి దృష్టిలో నాలుగు కంటే ముప్పై ఐదు పెద్దదేగా! మందుల మీద ఉన్నట్టు ఈ నియమాల మీద కూడా గడువు తేదీ ముద్రించి ఉంటే బాగుండేది.

వీటన్నిటిలోకీ నాకు పడనిది పక్షాంతరం. "ఇటున్నది అటు వెళ్తే గుర్తు మారుతుంది." ఎంత హాయిగా నోటికి వచ్చేస్తుందో! దాని ఫలితం 3ఎక్స్ = 12 దగ్గర చూడాలి. 3 అటు వెళ్లింది, గుర్తు మారింది, ఎక్స్ = 12 − 3 = 9. మంత్రం ప్రకారం ఇందులో తప్పెక్కడుంది? రెండు వైపుల నుంచీ ఒకటే తీసేస్తున్నామనీ, రెండు వైపులనూ ఒకదానితోనే భాగిస్తున్నామనీ పిల్లాడికి తెలిస్తే ఈ తప్పు పుట్టదు. ఏడేళ్లుగా నా క్లాసులో "అటు, ఇటు" మాటలు నిషేధం. పై తరగతుల్లో ఎవరో ఒకరు వాటిని మళ్లీ నేర్పేస్తారు, అది వేరే బాధ.

అసలు ఆ గొడవకి మూలం ఇంకా కింద ఉంది, సమాన గుర్తులో. 8 + 4 = ☐ + 5 అని బోర్డు మీద రాసి గడిలో ఏం వస్తుందో అడగండి. మీ ఆరో తరగతిలోనే అడగండి. 12 అనేవాళ్లు ఎంతమంది ఉంటారో చూసి బెంగపడకండి. వాళ్లకి ఆ గుర్తు "ఇక సమాధానం రాయి" అన్న ఆజ్ఞలా కనిపిస్తుంది. 1557లో రాబర్ట్ రికార్డ్ ఆ గుర్తును మొదటిసారి అచ్చులో వాడినప్పుడు, ఒకే పొడవున్న రెండు సమాంతర గీతల కంటే సమానమైనవి మరో రెండు ఉండవు కాబట్టి అదే ఎంచుకున్నానని చెప్పుకున్నాడు. ఈ సంగతి చెబితే పిల్లలు గుర్తును కాసేపు కొత్తగా చూస్తారు.

నేనే బోర్లాపడిన కథ ఒకటి చెబుతాను. ఋణం ఇంటు ఋణం ధనం ఎందుకవుతుందని అడిగితే, నా టీచర్లు నాకు చెప్పిందే నేనూ చెప్పేదాన్ని: శత్రువుకి శత్రువు మనకి మిత్రుడు. పిల్లలు నవ్వుతారు, గుర్తుంటుంది, పాఠం ముందుకు పోతుంది. ఓ ఏడాది ఒక అమ్మాయి చెయ్యెత్తి, "మరి −3, −2 కూడితే −5 అన్నారు కదా టీచర్, అక్కడ ఇద్దరు శత్రువులు కలిస్తే మిత్రుడు కాలేదేం?" అంది. వెనక నుంచి ఇంకొకడు, "ఇద్దరు శత్రువులు కలిస్తే పెద్ద శత్రువే అవుతాడు" అన్నాడు. క్లాసు ఘొల్లుమంది. నా దగ్గర జవాబు లేదు. గంట కొట్టేదాకా సుద్దముక్క చేతిలో తిప్పుకుంటూ నిలబడ్డానంటే అతిశయోక్తి కాదు.

ఆ రాత్రి కూర్చుని నాకు నేను నచ్చజెప్పుకున్నది ఇంతే. 2 + (−2) అంటే సున్నా. సున్నాను దేనితో గుణించినా సున్నాయే, −3తో గుణించినా. ఇప్పుడు −3ను రెండింటికీ పంచితే, (−3 × 2)కీ (−3 × −2)కీ మొత్తం సున్నా రావాలి. మొదటిది −6 అని ముందే ఒప్పుకున్నాం. మరి రెండోది ఏమైతే మొత్తం సున్నా అవుతుంది? దాన్ని +6 అనకుండా ఎవరూ తప్పించుకోలేరు. మర్నాడు ఇదే బోర్డు మీద ఒక్కో మెట్టూ రాశాను, చివరి మెట్టు వాళ్లనే చెప్పమన్నాను. చెప్పారు. శత్రువులూ మిత్రులూ మళ్లీ నా క్లాసులోకి రాలేదు.

అన్నట్టు, ధనం, ఋణం అనే మాటలు వాడే మనకి ఒక సౌకర్యం ఉంది, మనమే దాన్ని పట్టించుకోం. ధనం అంటే చేతిలో ఉన్న సొమ్ము, ఋణం అంటే అప్పు. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో ఈ మాటలతోనే కూడికకీ గుణకారానికీ నియమాలు రాశాడు. రెండు ఋణాల లబ్ధం ధనమనీ అక్కడే ఉంది. ఆ పక్కనే సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా అని కూడా రాశాడు, అది ఈనాడు ఎవరూ ఒప్పుకోరు. పిల్లలకి ఈ రెండో సంగతి తప్పకుండా చెబుతాను. అంతటి మహానుభావుడి పక్కన కూర్చోబెడితే తప్పు చేసినవాడి ముఖం వెలిగిపోతుంది.

ఇంతవరకూ తప్పుల గురించే చెప్పాను. ఒప్పుల సంగతి ఇంకా కష్టం, ఎందుకంటే అక్కడ మనం ఆగం. టిక్కు పెట్టి పేజీ తిప్పేస్తాం. 1973లో స్టాన్లీ ఎర్ల్‌వాంగర్ అనే పరిశోధకుడు బెన్నీ అనే పన్నెండేళ్ల పిల్లాడి గురించి రాశాడు. ఎవరికివారు అభ్యాసపత్రాలు చేసుకుంటూ, పరీక్ష గట్టెక్కితే తర్వాతి మెట్టుకి వెళ్లే పద్ధతి వాళ్లది. బెన్నీ బాగా చేసేవాళ్లలో ఒకడు. కూర్చోబెట్టి మాట్లాడితే తేలిందేమిటి? 5/10ని దశాంశంలో 1.5 అన్నాడు, 2/10ని 1.2 అన్నాడు. పైదీ కిందదీ కూడి మధ్యలో చుక్క పెట్టడం వాడి పద్ధతి. లెక్కలంటే ఎవరో ఎప్పుడో కల్పించిన నియమాల మూట అనీ, జవాబుల కాగితంలో ఉన్నదానికి సరిపోయేది ఏదో ఒకటి వెతుక్కోవడమే పని అనీ వాడి నమ్మకం. నాకు ఈ కథ చదివిన వారం నిద్ర పట్టలేదు. నా టిక్కుల కింద ఎందరు బెన్నీలు ఉన్నారో!

ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో 1980 ప్రాంతంలో చిన్నపిల్లలకి ఇంకో ప్రశ్న ఇచ్చారు: ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత? 97 మందిలో 76 మంది ఆ అంకెలతోనే ఏదో ఒకటి చేసి వయసు తేల్చారు. మొదట నాకూ నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, వాళ్లు బళ్లో నేర్చుకున్నదాన్నే నమ్మారు: ప్రశ్న ఇచ్చారంటే జవాబు ఉండే ఉంటుంది, రెండు అంకెలున్నాయంటే వాటిని కూడాలో తీయాలో చెప్పేశారన్నమాటే. లెక్క చేశారు గానీ లెక్కలో ఏముందో లెక్కచేయలేదు.

కాబట్టి నేను ఒప్పుకి కూడా "ఎలా వచ్చింది?" అని అడుగుతాను. మొదట్లో పిల్లలు బెదిరిపోతారు, టీచర్ అడిగిందంటే తప్పే అనుకుని చెరిపేస్తారు. నెల పడుతుంది అలవాటవ్వడానికి. అడిగాక నోరు మూసుకుని ఆగడం అన్నిటికంటే కష్టం. మేరీ బడ్ రో అనే ఆవిడ క్లాసుల టేపులు విని, ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని 1974లో రాసింది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగవుతాయి, ఎప్పుడూ మాట్లాడనివాళ్లు మాట్లాడతారు. మూడు సెకన్లంటే ఏముంది అనిపిస్తుంది. నలభైమంది ముందు నిలబడి మనసులో ఒకటి, రెండు, మూడు అనుకుని చూడండి, మూడు ఘడియల్లా గడుస్తుంది.

అలా ఆగడం వల్ల దొరికిన ఒక పీరియడ్ గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ కుర్రాడి 2/5కీ దీనికీ చుట్టరికం ఉంది. భిన్నాల భాగహారం. "తిరగేసి గుణించు" అని అప్పటికే అందరికీ వచ్చు. నేను ఒకటీ ముప్పావు మీటర్ల రిబ్బను తెచ్చి, అర మీటరు ముక్కలు ఎన్నొస్తాయో చెప్పమన్నాను. సూత్రం వేసినవాళ్లు 7/4 ఇంటు 2, 7/2, అంటే మూడున్నర అన్నారు. ఇద్దరు ముందుకొచ్చి స్కేలు పెట్టి కత్తిరించారు. మూడు ముక్కలొచ్చాయి. చేతిలో చిన్న ముక్క మిగిలింది. కొలిచారు, పావు మీటరు. "మూడుంపావు టీచర్" అన్నారు ఇద్దరూ.

క్లాసు రెండు జట్లయింది. కత్తిరించినవాళ్ల దగ్గర సాక్ష్యం ఉంది, ఆ పావు ముక్క చేతిలో ఊపుతున్నారు. సూత్రం జట్టులో ఒకమ్మాయి తన లెక్క రెండుసార్లు చూసుకుని, "రూలే తప్పేమో" అంది నెమ్మదిగా. నేను నోరు విప్పకుండా ఉండడానికి కిటికీ వైపు తిరిగాను. మూడు సెకన్లు కాదు, రెండు మూడు నిమిషాలే గడిచి ఉంటాయి. ఎప్పుడూ మాట్లాడని ఒక కుర్రాడు ఆ చిన్న ముక్కను తీసుకుని, అర మీటరు ముక్క మీద పరిచాడు. సరిగ్గా సగానికి వచ్చింది. "ఇది మీటర్లో పావు. మనం లెక్కపెడుతోంది మీటర్లని కాదుగా, ముక్కల్ని. ముక్కలో ఇది సగం" అన్నాడు.

ఆ మాటతో ఏడాది నడిచింది. ఎవరైనా సగం అన్నా, పావు అన్నా, పది శాతం అన్నా వెంటనే ఎవరో ఒకరు "దేంట్లో?" అనేవాళ్లు. నేను ఆ పీరియడ్‌లో చెప్పిన పాఠం ఏమీ లేదు. రిబ్బను తెచ్చాను, కిటికీలోంచి చూశాను.

నోటుపుస్తకం సంగతి కూడా రాయాలి. రోజూ సాయంత్రం ఒక్క పేజీ రాస్తాను. పాఠం ఎలా జరిగిందని రాయను, పిల్లలెవరైనా అన్న ఒక్క మాట, లేదా ఒక్క తప్పు, దాని వెనక నియమం ఏమై ఉంటుందో నా ఊహ. మర్నాడు ఆ పిల్లని అడిగి, ఊహ తప్పైతే అదీ రాసుకుంటాను. నా ఊహలు సగానికి సగం తప్పే. "ఏ ప్లస్ బీ హోల్‌స్క్వేర్"ను ఏ స్క్వేర్ ప్లస్ బీ స్క్వేర్ అని రాసేవాడికి చతురస్రం బొమ్మ గీసి చూపిస్తే చాలనుకున్నాను. బొమ్మ చూసి "ఓహో" అన్నాడు, వారం తిరిగేసరికి మళ్లీ అదే రాశాడు. చివరికి పనిచేసింది బొమ్మ కాదు. ఏ బదులు 3, బీ బదులు 4 వేసి రెండు రకాలుగా వాడి చేతే చేయించాను. ఒకదాంట్లో 49, ఇంకోదాంట్లో 25. "24 ఎక్కడికి పోయింది?" అన్నాను. 24ని వాడే వెతికి పట్టుకున్నాడు, రెండు పన్నెండులని చెప్పాడు, పన్నెండంటే మూడు నాలుగులని చెప్పాడు. ఆ తర్వాతే బొమ్మలో ఆ రెండు పక్క గదులు వాడికి కనబడ్డాయి. ముందు వెతుకులాట, తర్వాత బొమ్మ. నేను తిరగేసి చేశాను.

సిలబస్ ఎప్పుడు పూర్తవుతుందని మీరు అడగలేదు గానీ అడుగుతారు. పూర్తవదు, మొదటి రెండేళ్లు నాకూ వెనకబడింది. ఇరవై లెక్కలున్న అభ్యాసంలో ఏడు చేయించి మిగతావి వదిలేయడం నేర్చుకున్నాక దారిలో పడింది. పై నుంచి అడిగేవాళ్లకి జవాబు సిద్ధం చేసుకోండి, అడగడం మాత్రం మానరు.

ఇక మీ కుర్రాడు. నాలుగుసార్లు అదే రాశాడంటే వాడి చేతిలో గట్టి నియమమే ఉంది: పైవి పైవి కూడు, కిందవి కిందవి కూడు. క.సా.గు. ఐదోసారి చెప్పకండి. "సగానికి ఇంకొంచెం కలిపావు కదా, మరి నీ 2/5 సగం కంటే ఎక్కువా తక్కువా?" అని అడిగి ఆగండి. 2/5 సగం కంటే తక్కువని పట్టుకుంటే వాడికే ఇబ్బందిగా ఉంటుంది. ఆ ఇబ్బందిలో వాణ్ని కాసేపు ఉండనివ్వండి, వెంటనే ఆదుకోకండి.

అయితే ఒకందుకు సిద్ధంగా ఉండండి. తెలివైనవాడైతే, "మొదటి టెస్టులో రెండింటికి ఒకటి, రెండో టెస్టులో మూడింటికి ఒకటి వచ్చాయి టీచర్, మొత్తం ఐదింటికి రెండు, కరెక్టేగా" అంటాడు. నాతో ఒకడు అన్నాడు. కరెక్టే! మార్కులు అలాగే కూడతాం, రోజూ మనమే వాడి కళ్లముందు కూడుతున్నాం. అప్పుడు తప్పు అనకండి, "దేంట్లో?" అనండి. ఆ సగం రెండు ప్రశ్నల్లో సగం, ఆ మూడో వంతు మూడు ప్రశ్నల్లో మూడో వంతు, 2/5 ఐదింటిలో. మూడూ వేర్వేరు. తర్వాత ఒకే పొడవున్న రెండు కాగితపు పట్టీలు చేతికిచ్చి, ఒకదాన్ని సగానికి, రెండోదాన్ని మూడో వంతుకి మడవమనండి. ఆ సగాన్నీ ఆ మూడో వంతునీ పక్కపక్కన పెట్టి, రెండూ కలిపి పట్టీలో ఎంతో చెప్పమనండి. రెండింటినీ సరిగ్గా కొలవగల చిన్న ముక్క కోసం వాడే వెతుక్కుంటాడు, ఆరో వంతు దగ్గర ఆగుతాడు. ఆగకపోతే ఏమన్నాడో రాసి పంపండి, నా నోటుపుస్తకంలో ఈ వారం పేజీ ఖాళీగానే ఉంది.